ఎర్తు లేని బండి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

వెనక లైటు చూడ వెలుగదు రాతిరి
బ్రేకు తొక్క మిణుకు పిల్లిలాగ
ఇండికేటరేయ నెల్లయు నాడును
ఎర్తు లేని బండి కిదియె గుర్తు

అవతారిక

మిరపకాయ కల్లంలో ఎండింది. టిక్కీలకెత్తారు, మోకులు బిగించారు. పొద్దున గుంటూరు యార్డులో బేరానికి అందాలంటే రాత్రికే బండి కదలాలి. తీరా కదిలే వేళకు రైతు ట్రాక్టరుకు తగిలించిన ట్రక్కు వెనక్కి పోయి చూశాడు, దీపం లేదు. "ఒరేయ్, బ్రేకు తొక్కరా" అన్నాడు. డ్రైవరు తొక్కాడు. వెలిగిందనడానికీ లేదు, వెలగలేదనడానికీ లేదు. "బల్బు పోయిందిరా" అని రైతు తేల్చేశాడు. "బల్బు పోలా బాబాయ్" అంటూ, బ్యాటరీ ఆమ్లం పడి చొక్కా చిల్లులైన ఎలక్ట్రీషియను ఒకడు ఈ ఆటవెలదిని చెప్పెను.

ప్రతిపదార్థం

రాతిరి = పొద్దు గుంకిన పిమ్మట; వెనక లైటు = ట్రక్కు తోకకు బిగించిన ఎర్ర దీపము; చూడన్ = (దిగిపోయి) చూడగా; వెలుగదు = వెలుగుట లేదు; బ్రేకు = ట్రాక్టరు బ్రేకును; తొక్కన్ = అదుమగా; పిల్లిలాగ = చీకటిలో పిల్లికన్ను వలె; మిణుకు = కొంచెముగా వెలుగును; ఇండికేటరు = మలుపు దీపమును; ఏయన్ = వేయగా; ఎల్లయున్ = దానికి సంబంధము లేని దీపములు సైతము; ఆడును = ఆరుచు వెలుగుచుండును; ఎర్తు లేని బండికిన్ = కరెంటు తిరిగివచ్చు దారి తెగిన బండికి; ఇదియె = ఈ చెప్పినదే; గుర్తు = ఆనవాలు.

తాత్పర్యం

బల్బు కొనడానికి పోవద్దు. ఎర్తు చూడు.

విశేషాలు

రాతిరి. ఈ మాట పాదం నింపడానికి వేసినది కాదు. పగలు కొట్టు ముందు నిలబెట్టి మేస్త్రి చూపించినప్పుడు ప్రతి దీపమూ వెలుగుతుంది. ట్రక్కు అప్పుడు ఖాళీ, నేల చదును, హుక్కు కదలదు. రాత్రి టన్నుల కొద్దీ కాయ ఎక్కి, డొంకలో గుంటలు తగిలి, హుక్కులో పిన్ను ఎగిరెగిరి పడుతుంటే అదే దీపం ఆరిపోతుంది. సర్కారువారి సూత్రం కూడా రాతిరినే పట్టుకుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 105వది, పొద్దుగూకిన అరగంట నుంచి పొద్దుపొడవడానికి అరగంట ముందు దాకా దీపాలు వెలగాలంటుంది. వెనక ఎర్ర దీపం 155 మీటర్ల నుంచి కనపడాలి. నంబరు ప్లేటు 15 మీటర్ల నుంచి చదవగలిగేట్టు దాని మీద తెల్ల వెలుతురు పడాలి. నూటయాభై అని ఊరుకోక పైన ఆ అయిదు ఎందుకు వేశారని శిష్యుడు అడగవచ్చు. వెనక వచ్చే డ్రైవరు సెల్‌ఫోను జేబులో పెట్టుకోవడానికని టీకాకారుని ఊహ. తక్కిన నూటయాభైకి మాత్రం లెక్క ఉంది. జాతీయ రహదారి మీద చిలకలూరిపేట వైపు నుంచి బస్సు 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది, మన ట్రాక్టరు 20తో పోతున్నది అనుకోండి. 155 మీటర్ల దూరాన దీపం కనబడితే బస్సు డ్రైవరుకు తొమ్మిది సెకండ్లు చేతిలో ఉంటాయి. దీపం లేక 40 మీటర్ల దగ్గర ట్రక్కు కనబడితే రెండున్నర సెకండ్లు కూడా ఉండవు.

వెనక లైటు. ఇది మిరపకాయ ట్రక్కుకే గాని పత్తి ట్రక్కుకు చెల్లదని ఒక వాదం. పత్తి బోరేలు నాలుగు పక్కలా పొర్లి వెనక తలుపు మీదుగా కిందికి వేలాడతాయి. దీపం ఎంత శుభ్రంగా వెలిగినా బోరెం లోపలి గింజలకే ఆ వెలుతురు. అలాంటి లోడుకు దీపం వెలిగిందా అని కాక కనపడిందా అని అడగాలి. ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూసినవాడే చెప్పగలడు. కవి 'చూడ' అన్నది సీటు మీద కూర్చుని మెడ తిప్పడాన్ని కాదు.

బ్రేకు తొక్క మిణుకు. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ముందు పూర్వపక్షం. వెలుగు తగ్గింది గనక బల్బు ముసలిదైందనీ, మార్చాలనీ ఒకరు. ఫ్యూజు చూడమని ఒకరు. బ్యాటరీ దిగిందని మరొకరు. ఈ ముగ్గురిదీ చేతిచమురు వదిలే మతమే. బల్బు పోతే అది అసలే వెలగదు, ఫ్యూజు పోయినా అంతే. బ్యాటరీ దిగితే ట్రాక్టరే స్టార్టవదు. కొద్దిగా వెలిగిందంటే కరెంటు వస్తున్నదనీ, వెళ్లే దారి సరిగా లేదనీ అర్థం.

ఇక సిద్ధాంతం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు స్విచ్చు దాటి, తీగ వెంట బల్బులోకి పోయి, తిరిగి బ్యాటరీకే చేరాలి. ఆ తిరుగుదారే ఎర్తు. ట్రాక్టరు దీపాలకు ఆ దారి ట్రాక్టరు ఇనుమే. ట్రక్కు దీపాలకు మాత్రం ట్రక్కు ఇనుము నుంచి ట్రాక్టరు ఇనుముకు దాటాలి. ఆ దాటే చోటు హుక్కు, పిన్ను. వాటి మీద తుప్పు, తుప్పు మీద గ్రీజు, గ్రీజు మీద దుమ్ము. పిన్ను అరగకుండా గ్రీజు పెట్టిన రైతును తప్పుపట్టలేం. తప్పల్లా అదే పిన్నును కరెంటు కూడా మోయమనడంలో ఉంది.

దారి మూసుకుపోయిన కరెంటు ఊరుకోదు, పక్కదారి వెతుకుతుంది. వెనక దీపంలో సాధారణంగా ఉండేది ఒకే బల్బులో రెండు తీగచుట్లు. తోక దీపానికి 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. రెండిటికీ తిరుగుదారి ఒక్కటే. అది తెగితే బ్రేకు కరెంటు 21 వాట్ల చుట్టలో నుంచి వచ్చి, 5 వాట్ల చుట్టలోకి వెనక నుంచి దూరి, తోక దీపం తీగ పట్టుకుని ట్రాక్టరు దాకా ఎదురు నడిచి, అక్కడి చిన్న దీపాల గుండా ఇనుమును చేరుతుంది. ఇన్ని బల్బులు దాటేసరికి బలం ఉడిగిపోతుంది గనక మిణుకు. 'పిల్లిలాగ'కు 'పిచ్చిలాగ' అని పల్నాటి పాఠం. యతి రెండిటికీ సరిపోతుంది. అర్థం కూడా సరిపోతుందని నా అభిప్రాయం.

ఇండికేటరేయ నెల్లయు నాడును. పై న్యాయమే దీనికీ. ఎడమవైపు ఇండికేటరు వేస్తే కుడివైపుదీ, తోకదీ కలిసి ఆరి వెలుగుతుంటాయి. వెనక వచ్చేవాడికి ఈ బండి ఎటు తిరుగుతుందో అంతుబట్టదు. ఏడు పిన్నుల ప్లగ్గు ఉన్న బండికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తెల్ల తీగ ఎర్తు, పసుపు ఎడమ ఇండికేటరు, పచ్చది కుడిది, ఎరుపు బ్రేకు. మన ట్రక్కుల్లో ఈ రంగులు నమ్మి తీగ కోసినవాడు చెడతాడు. కొట్టులో ఆ రోజు ఏ చుట్ట ఉంటే ఆ రంగే ట్రక్కుకు ఎక్కింది. టెస్టు ల్యాంపు చెప్పిందే వేదం.

ఎర్తు లేని బండికి. పరీక్ష చాలా చవక. ట్రాక్టరు ఇనుముకు ఒక తీగ కొస, ట్రక్కు ఇనుముకు రెండో కొస గట్టిగా అదిమిపట్టి బ్రేకు తొక్కించాలి. దీపం భగ్గుమంటే కవి చెప్పింది నిజం. అప్పటికీ వెలగకపోతే దీపం డొప్పకూ ట్రక్కుకూ మధ్య చూడాలి, రంగు మీద రంగు వేసి బోల్టు బిగించి ఉంటారు, రంగులో నుంచి కరెంటు పోదు. ఆ తర్వాత హోల్డరు. యూరియా, డీఏపీ మోసిన ట్రక్కులో ఆ ఉప్పు దుమ్ము చేరి హోల్డరులోని ఇత్తడి రేకు పచ్చగా కిలుం పడుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది, వాసెలిన్ రాస్తే చాలు. సాగర్ కుడికాలువ పక్కన ట్రక్కు కడిగే అలవాటున్నవారికి ఇంకొక మాట: వెలిగి వేడెక్కిన దీపం మీద చల్లటి నీళ్లు కొడితే అద్దం చిట్లుతుంది, ముందు దీపాలు ఆర్పండి. ఎలుక కొరికిన తీగ గురించి వేరే టీక అక్కరలేదు.

ఇవన్నీ ఎందుకు చెడతాయంటే, ట్రక్కు ఏడాదిలో ఎక్కువ రోజులు పగలే తిరుగుతుంది. దిబ్బ ఎరువు, మట్టి, కూలీలు, కట్టెలు. హుక్కు విప్పినప్పుడు ప్లగ్గు ఊడదీయడం మరిచిపోతే తీగ తెగుతుంది, ఊడదీస్తే నేల మీద ఈడ్చుకుపోతుంది. ఎవరూ దాని మొహం చూడరు. పంట ఎత్తే రాత్రి వచ్చేసరికి దీపం అందరికీ ఒక్కసారే గుర్తొస్తుంది, ఆ రాత్రి ఎలక్ట్రీషియను ఇంకో ఊళ్లో ఉంటాడు.

బండి. ఇక్కడ విరోధాభాసం. ట్రక్కుకు మోటారు లేదు. అయినా 1988 మోటారు వాహనాల చట్టం రెండో సెక్షనులో ట్రెయిలరు కూడా మోటారు వాహనమే. కనుక దీపం లేని తప్పు ట్రాక్టరుది, నాకేం అని ట్రక్కు తప్పించుకోలేదు. 2019 సవరణ తరువాత అదే చట్టం 177వ సెక్షను కింద మొదటి తప్పుకు 500, మళ్లీ చేస్తే 1500 రూపాయల దాకా జరిమానా. ఒక్క టిక్కీ మిరపకాయ ఖరీదుతో పోల్చి చూసుకుని నవ్వేవారుంటారు. వారికి బస్సు డ్రైవరు చేతిలోని రెండున్నర సెకండ్లు మళ్లీ చదివి వినిపించవలసింది.

ఇదియె గుర్తు. 'ఇదియె' అని కవి కొంచెం తొందరపడ్డాడు. రెండు చుట్టల బల్బుకు పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒక్క తీరుగానే కూర్చుంటుంది. మొండిగా తిప్పి ఎక్కిస్తే తోక దీపం బ్రేకులా, బ్రేకు తోక దీపంలా వెలుగుతుంది. ఒకే చుట్ట ఉన్న బల్బు బలవంతంగా దూర్చినా ఇలాంటి గుర్తులే కనిపించవచ్చు. అయితే ఆటవెలదిలో అంత చోటు లేదు. పదింట తొమ్మిది సార్లు ఎర్తే గనక కవిని మన్నిద్దాం.

ఫలశ్రుతి

ఈ పద్యం కంఠస్థం చేసి ఊరుకుంటే ఫలం లేదు. కాయ కోతకు ముందే, ట్రక్కు ఖాళీగా ఉన్నప్పుడు, పిన్నును నమ్ముకోకుండా ట్రక్కు నుంచి ట్రాక్టరుకు ఎర్తు తీగ ఒకటి విడిగా లాగించండి. రెండు కొసల దగ్గరా రంగు గీకి తెల్లటి ఇనుము తేలాకే బోల్టు బిగించాలి. తోక తలుపుకు ఎర్ర రేడియం పట్టీ అంటించండి, దానికి ఎర్తు అక్కర్లేదు. పత్తి లోడైతే ఆ పట్టీ వెనక బోరేనికే కట్టండి.