క్లిప్‌బోర్డు మేడమ్

ఆదివారం పొద్దున ఇంగ్లండులో ఏ ఊరి పార్కుకి వెళ్ళినా ఆవిడ కనిపిస్తుంది. ఒంటిమీద పసుపుపచ్చ మెరుపు కోటు, మెడలో గుర్తింపు కార్డు, ఒక చంకలో క్లిప్‌బోర్డు, రెండో చంకలో టీ ఫ్లాస్కు. వాన పడుతూ ఉంటుంది, లేదంటే ఇప్పుడే వెలిసి ఉంటుంది. మైదానంలో ఏడేళ్ళ పిల్లలు బెల్లం ముక్కకి ఈగలు పట్టినట్టు బంతి చుట్టూ మూగి ఉంటారు. తల్లిదండ్రుల కళ్ళన్నీ బంతి మీదే. ఆవిడ మాత్రం ఆట చూడదు, పెద్దవాళ్ళని చూస్తుంది. గేటు దగ్గర కుక్కని పట్టుకుని నిలబడ్డాయన ఎవరి తాత? మూరెడు లెన్సు తగిలించుకొచ్చిన పెద్దమనిషి ఫొటోలు తీస్తున్నది సొంత పిల్లాడినా, ఊళ్ళో పిల్లలందరినా?

ఆవిడ హోదా క్లబ్ వెల్ఫేర్ ఆఫీసర్. జీతం సున్నా. పిల్లల జట్లు నడిపే క్లబ్బులో ఇలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలని అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ నియమం. ఈ పదవికి పోటీ ఏమీ ఉండదు. వార్షిక సమావేశంలో "ఈ ఏడు ఎవరు చేస్తారు?" అని కార్యదర్శి అడగ్గానే అందరికీ ఒకేసారి ఫోన్లు వస్తాయి. ఫోన్ రాని మనిషే ఆఫీసరు. ఈ పనిలో మగవాళ్ళూ ఉన్నారు గానీ, బడి ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు హాజరు పట్టీలు దిద్ది రిటైరైన ఆడమనిషి చేతిలో పడ్డప్పుడే ఆ క్లిప్‌బోర్డుకి నిండుతనం.

ఆవిడకి ఎదురుపడే పాత్రల్లో మనవాడూ ఒకడు. రీడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు గుంటూరు. కొడుకు జట్టుకి కోచ్ దొరకడం లేదంటే, కాలేజీలో షటిల్ ఆడిన ధైర్యంతో "నేనున్నాగా" అంటాడు. కోన్లు పేర్చడం, బంతుల్లో గాలి కొట్టడం, అదెంత పని! కొత్త ఈల కూడా కొనుక్కుంటాడు. అది ఊదేలోపే ఆవిడ వచ్చేస్తుంది. నేరచరిత్ర తనిఖీ కోసం డీబీఎస్ దరఖాస్తు నింపాలి.

"మీ పుట్టినతేదీ?"

"అసలుదా మేడమ్, సర్టిఫికెట్‌లోదా?"

ఆవిడ కలం ఆగిపోతుంది. ఒక మనిషికి రెండు పుట్టినతేదీలుండటం దరఖాస్తులో ఏ గడిలోనూ పట్టే సంగతి కాదు. వయసు చాలకపోతే హెడ్మాస్టరుగారే దయతలచి నాలుగు నెలలు కలిపి రాశారన్న సంగతి ఇంగ్లీషులో చెప్పబోయేసరికి, దయ కాస్తా దస్తావేజుల ఫోర్జరీలా వినిపిస్తుంది. తర్వాత పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరిచి ఉంది, బ్యాంకు కాగితంలో పొడి అక్షరమైంది, డ్రైవింగ్ లైసెన్సులో తండ్రిపేరు వచ్చి కూర్చుంది. ఆ పైన, గడిచిన అయిదేళ్ళలో ఉన్న చిరునామాలన్నీ, ఒక్క నెల ఖాళీ లేకుండా.

"హైదరాబాదులో ఎక్కడుండేవారు?"

"మధురానగర్‌లో పెంట్‌హౌస్ మేడమ్."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మొదటిసారి గౌరవంగా చూస్తుంది. ఇంగ్లండులో పెంట్‌హౌస్ అంటే కోటీశ్వరుల కాపురం. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది, నలుగురు బ్యాచిలర్లు, ఒక కుక్కర్ అని మనవాడు వివరించాలనుకుంటాడు. అడ్రసు గడిలో "హనుమాన్ గుడి ఎదురుగా" అని రాయాల్సి వచ్చాక మానుకుంటాడు.

అంతటితో అయిందా? ఇండియా పోలీసు రికార్డులు ఆ తనిఖీ చేసే డీబీఎస్ సంస్థకి అందవు. ఈమధ్యే వచ్చినవాడైతే అక్కణ్ణుంచి పోలీసు క్లియరెన్సు తెమ్మనవచ్చు. విచారణకి గుంటూరు ఇంటికి కానిస్టేబులు వచ్చి వెళ్ళిన సాయంత్రానికి "అబ్బాయి లండన్లో ఏం చేశాడటండీ?" అని వీధంతా అడుగుతుంది. మనవాడు భార్య దగ్గర మండిపడతాడు: "మీ నాన్న పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని ఆరాలు తియ్యలేదే!"

తియ్యలేదు నిజమే. హైదరాబాదులో కోచింగ్ క్యాంపుకి పిల్లాణ్ణి పంపేటప్పుడు మనం మాత్రం ఏం అడుగుతాం? ఫీజెంత, షూ ఎవరివి, సెలక్షన్లు ఎప్పుడు. ఆ ఊదరగొట్టే ఈల వెనకున్న మనిషెవరో అడగడం మర్యాద కాదనుకుంటాం. ఇంగ్లండు వాళ్ళూ ఆ మర్యాదే పాటించారు, చాలాకాలం.

ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు 2016 నవంబరులో గార్డియన్ పత్రికతో తన పేరు పెట్టుకునే మాట్లాడాడు. క్రూ క్లబ్బులో కోచ్ బారీ బెన్నెల్ తనని చిన్నతనంలో ఏం చేశాడో చెప్పాడు. బెన్నెల్‌కి స్టార్లని తయారుచేసే మనిషని పేరు. ఇంట్లో పిల్లలకి నచ్చే ఆటవస్తువులు, భుజమెక్కి కూర్చునే పెంపుడు కోతి. ఆయనింట్లో రాత్రి ఉండటానికి పిల్లాడికి పిలుపొస్తే తల్లిదండ్రులు అదృష్టమనుకున్నారు. వుడ్‌వర్డ్ తర్వాత ఒకరి వెనక ఒకరు నోరు విప్పారు. న్యాయవాది క్లైవ్ షెల్డన్ 1970 నుంచి 2005 దాకా ఫుట్‌బాల్‌లో పిల్లల మీద జరిగిన లైంగిక అఘాయిత్యాలని తవ్వి 2021 మార్చిలో నివేదిక ఇచ్చాడు. బాధితులు కనీసం 692 మంది, అనుమానితులు 240 మంది. 1995 అక్టోబరు నుంచి 2000 మే దాకా ఫుట్‌బాల్ అసోసియేషన్ కదలాల్సినంత చురుగ్గా కదల్లేదని అందులో రాశాడు.

తనిఖీల కథకి ఇంకో మూలం సోహమ్ ఊళ్ళో ఉంది. 2002లో అక్కడ పదేళ్ళ ఆడపిల్లలిద్దరిని చంపినవాడు బడి కేర్‌టేకర్. అతని మీద వేరే జిల్లాలో వచ్చిన పాత ఫిర్యాదులు ఉద్యోగమిచ్చినవాళ్ళ దాకా రానేలేదు. ఆ ఘోరం మీద వేసిన విచారణ, తనిఖీల కోసం 2006 చట్టం, చివరికి 2012లో డీబీఎస్. పదహారు పదిహేడేళ్ళ విద్యార్థులతో టీచరు సంబంధం పెట్టుకోవడం ఎప్పటినుంచో నేరమే. కోచ్ విషయంలో చట్టం ఆ మాట అనడానికి 2022 దాకా పట్టింది.

ఇవేవీ ఆవిడ మనవాడికి చెప్పదు. "రూలండీ" అంటుంది, అంతే. అనుమానించి అడుగుతున్నావా అని నిలదీస్తే, పోయినేడు ఊరి పాస్టరు గారినీ, తన సొంత అల్లుణ్ణీ ఇవే అడిగానంటుంది. అల్లుడు ఆ క్రిస్మస్‌కి ఇంటికి రాలేదట.

సర్టిఫికెట్ శుభ్రంగా వచ్చినా ఆవిడ అక్షింతలేసి దీవించెయ్యదు. అందులో ఉండేది దొరికినవాడి చరిత్రే, దొరకనివాడిది కాదని ఆవిడకి తెలుసు. అందుకే మిగతా చాదస్తమంతా. కోచ్ పిల్లలకి విడిగా మెసేజులు పంపకూడదు, తల్లిదండ్రులకే పంపాలి. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలో పెద్దవాళ్ళు మార్చుకోకూడదు. ఫొటో వేస్తే పక్కన పేరు వెయ్యకూడదు. ఇక తాడు దాటి లోపలికొచ్చి పధ్నాలుగేళ్ళ రిఫరీ మీద కేకలేసే తండ్రుల పంచాయితీ వేరే. ఆ తండ్రుల్లో ఒకరు చార్టర్డ్ అకౌంటెంటు, ఒకరు పళ్ళ డాక్టరు. వారం రోజులు ఎంతో నిదానస్తులు.

నవంబరు సాయంత్రం, ప్రాక్టీసు అయిపోయింది. చీకటి, సన్నటి వాన. ఒక పిల్లాడి తల్లి ఇంకా రాలేదు. "వాళ్ళిల్లు మా దారిలోనే మేడమ్, దింపేస్తాను" అంటాడు మనవాడు తాళాలు తీస్తూ. "వద్దు" అంటుంది ఆవిడ. వెళ్ళిపోబోతున్నదల్లా వెనక్కొచ్చి, క్లబ్బు గది చూరు కింద నిలబడి ఫ్లాస్కు మూత తీస్తుంది. చూరు ఇద్దరికే సరిపోతుంది. పిల్లాణ్ణి నడిమికి జరిపి మనవాడు సగం తడుస్తాడు. ఇరవై నిమిషాలు. పిల్లాడు లివర్‌పూల్ గురించి ఇద్దరికీ పాఠం చెబుతుంటాడు. కారు లైట్లు గేటు దగ్గర కనిపించాక, తల్లి పరుగున వచ్చి క్షమాపణలు చెప్పి తీసుకెళ్ళాక, ఆవిడ మూతలో మిగిలిన టీ మనవాడి చేతికిస్తుంది. అతను గుటక వేసేలోపు క్లిప్‌బోర్డు మీద టార్చి వేసి చూస్తుంది.

"మీ డీబీఎస్‌కి మూడేళ్ళు నిండుతున్నాయి జనవరికి. ఈసారి పుట్టినతేదీ ఒక్కటే తీసుకురండి."