గాత్రం మనది కాదు

వీడియో ఇంటర్వ్యూ అన్నారు. ఇంట్లో పెళ్లిచూపుల హడావుడి.

నడుము పైన ఇస్త్రీ చొక్కా, టై. కింద లుంగీ. కెమెరాకు ఆనినంత మేరే మర్యాద!

వెనక గోడకు ఎన్నడూ తెరవని పుస్తకాలు. లాప్‌టాప్ ఎత్తు పెరగడానికి కింద బియ్యం డబ్బా. వంటింట్లో కుక్కర్‌కు సెలవు. మిక్సీ మీద నిషేధాజ్ఞలు.

మరి సబ్జెక్టో?

అమీర్‌పేటలో కోర్సు చేసింది అబ్బాయే. జవాబులు చెప్పేది మాత్రం బల్ల కింద బాసింపట్టు వేసుక్కూర్చున్న సీనియరు. అబ్బాయి పని పెదవులు కదపడం. తప్పేముంది? ఘంటసాల పాడితే ఎన్టీఆర్ పెదవులు కదపలేదా?

ఇంటర్వ్యూల్లో డీప్‌ఫేక్‌తో ఏకంగా మనుషులనే మార్చేస్తున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2022లోనే హెచ్చరించింది. మనవాడింకా గొంతు దగ్గరే ఉన్నాడు, పాపం.

అరగంట సాఫీగా సాగింది. అవతలివాళ్లు తలలు కూడా ఊపారు. ఈలోగా అబ్బాయికి నోరు ఎండింది. చెంబెత్తి గటగటా నీళ్లు తాగాడు.

జవాబు ఆగలేదు.