ప్లగిన్లు ఎంచుకొనుట ఎట్లు?

సొంత బ్లాగు పెట్టాలంటే ముందు రాయడానికి ఏదైనా ఉండాలని పాతకాలం వాళ్లు అనుకునేవారు. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ స్టూడియో ఫ్లాట్లలో వారాంతాలు గడిపే మాలాంటి వాళ్లకి అసలు సంగతి తెలుసు. ముందు ఉండాల్సింది ప్లగిన్లు, అంటే సైటుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. హోస్టింగ్‌కి డబ్బు కట్టి, డొమైన్ కొని, వర్డ్‌ప్రెస్ ఎక్కించి, కరక్ చాయ్ కప్పు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఆదివారం రాత్రి దాకా తల ఎత్తక్కర్లేదు. సోమవారం పొద్దున బస్సెక్కే వేళకి సైటులో స్లైడర్ ఉంటుంది, పాపప్ ఉంటుంది, పైనుంచి మంచు కురుస్తుంటుంది. పోస్టు ఒక్కటీ ఉండదు. ఈ విద్యలో ఆరితేరాలనుకునే వారికి కొన్ని సూచనలు.

మొదటిది: డ్రాగన్ మార్ట్‌కి వెళ్లినట్టు వెళ్లండి. మన పక్కనే ఉంది కదా, 2004లో తెరిచారు, కిలోమీటరు పైచిలుకు పొడుగు. బల్బు కోసం వెళ్లినవాడు చేపల తొట్టి పంపూ, మసాజ్ దిండూ, రంగులు మారే అక్షరాల బోర్డూ పట్టుకుని వస్తాడు. బల్బు మర్చిపోతాడు. వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల డైరెక్టరీలోనూ అదే నడక. సుమారు అరవై వేలున్నాయి, అన్నీ ఉచితం. ఏం కావాలో ముందే కాగితం మీద రాసుకుని పోవడం పిసినారి లక్షణం.

రెండోది: చివరిసారి అప్‌డేట్ ఎప్పుడు చేశారో చూడకండి. ‘తాజా మూడు ప్రధాన వెర్షన్లతో దీన్ని పరీక్షించలేదు’ అన్న పట్టీ పసుపు రంగులో వస్తుంది. పసుపు శుభసూచకం.

మూడోది: ఒక్కో పనికి ఇద్దరిని పెట్టండి. పేజీ నకలు దాచి చూపించే క్యాష్ ప్లగిన్లు రెండు పెడితే వేగం రెట్టింపు. ఆ తర్వాత మీరు తప్పు దిద్దినా, ఫోటో మార్చినా వచ్చేవాళ్లకి పాత పేజీయే కనిపిస్తుంది. దాన్ని నిలకడ అంటారు.

కుకీల అనుమతి పట్టీ తప్పనిసరి. మీ బ్లాగు చదివేది గుంటూరులో ఉన్న మేనత్త. యూరప్ వాళ్ల జీడీపీఆర్ 2018 మే 25న అమల్లోకి వచ్చింది. మేనత్త యూరప్‌లో లేదు, మీరూ లేరు. కానీ ఇంటర్నేషనల్ సిటీ కట్టిన నఖీల్ సంస్థ ఇక్కడ క్లస్టర్లకి పది దేశాల పేర్లు పెట్టింది, మీరుండేది ఫ్రాన్స్‌లో. చట్టం ఎటునుంచి వస్తుందో చెప్పలేం. ‘అన్నీ అంగీకరిస్తున్నాను’ అని మేనత్త నొక్కేదాకా ఆవిడకి మీ పులిహోర పోస్టు చూపించొద్దు.

ఇక నాకు ప్రాణప్రదమైన సూత్రం: పచ్చ దీపం వెలిగేదాకా రాతని వదలొద్దు. యోస్ట్ అనే ఎస్ఈఓ (సెర్చ్‌లో పైకి తెచ్చే) ప్లగిన్ మీరు రాస్తుండగానే పక్కన ఎరుపు, నారింజ, పచ్చ దీపాలు చూపిస్తుంది. ‘గోంగూర పచ్చడి’ అని కీలకపదం ఇచ్చి మామూలుగా రాయడం మొదలుపెడతారు. గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుంటే ఎలా ఉంటుందో, గోంగూర పచ్చడికి నూనె ఎందుకు ధారాళంగా పోయాలో, అన్ని పచ్చళ్లలోకీ ఇదే ఎందుకు గొప్పదో. ఎర్ర దీపం! ఇంగ్లీషులో ఒకే మాట వేర్వేరు రూపాల్లో ఉన్నా గుర్తుపట్టే ఏర్పాటు అందులో ఉంది, తెలుగుకి లేదు. పచ్చడి వేరు, పచ్చడిలో వేరు, పచ్చళ్లు మరీ వేరు. కాబట్టి విభక్తులు మానేయండి. ‘గోంగూర పచ్చడి ఆంధ్రుల ప్రాణం. గోంగూర పచ్చడి చేయడం తేలిక. గోంగూర పచ్చడి తినడం ఆరోగ్యం.’ రెండో తరగతి వాచకం అనిపిస్తుందా? అనిపించనివ్వండి. దీపం పచ్చగా ఉంది.

తర్వాత లింకు. మీరు ‘ఇంటర్నేషనల్ సిటీలో పులిహోర’ అని శీర్షిక పెట్టారు, వర్డ్‌ప్రెస్ దాన్నే లింకు చేసుకుంటుంది. లింకులో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతానికి విడిగా తొమ్మిది, పొల్లుకి విడిగా తొమ్మిది. మొత్తం 200 గుర్తులు దాటకూడదు. లెక్క వేసి చూశాను: మీ శీర్షిక సరిగ్గా ‘పులిహ’ దగ్గర తెగిపోతుంది. అది వాట్సాప్‌లో పంపితే మేనత్తకి చేరేది వరసలకి వరసలు శాతం గుర్తులు. దీనికి విరుగుడు సైటులోనే ఉంది. పక్క పట్టీలో లింకు గడి తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పులిహోర అని చేత్తో కొట్టడమే. ఆ పని మాత్రం చేయకండి. తెలుగు శీర్షికల్ని తనంతట తనే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చే ప్లగిన్ కోసం అర్ధరాత్రి దాటేదాకా వెతకండి. దొరికితే దాన్ని పెట్టాక ఇంకేది పాడైందో చూసుకోవడానికి మరో వారాంతం కావాలి.

చదవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూపించే ప్లగిన్ కూడా పెట్టండి. పీహెచ్‌పీలో పదాలు లెక్కపెట్టే మామూలు ఫంక్షన్‌కి తెలుగు అక్షరాలు అక్షరాలుగా కనిపించవు. దాని మీద ఆధారపడిన ప్లగిన్ అయితే మీరెంత పొడుగు రాసినా ‘0 నిమిషాలు’ అంటుంది. మా రూంలో ఉండే నిజామాబాద్ తమ్ముడు అది చూసి, “కరెక్టే గదనే అన్నా, ఇండ్ల రాసిందేమున్నది?” అన్నాడు.

డబ్బులిచ్చి కొనాల్సిన ప్లగిన్‌ని ఉచితంగా పంచే టెలిగ్రామ్ గ్రూపు దొరికిందా? అదృష్టం. ఇచ్చినవాడు మీ సైటు తాళంచెవి ఒకటి తన దగ్గరా ఉంచుకుంటాడు. మీది పోతే పనికొస్తుంది.

ఇతరులకి సైటు చేసిపెట్టేటప్పుడు చేతికి ఎముక ఉండకూడదు. పర్షియా క్లస్టర్‌లో మెస్ నడిపే అక్క నన్ను అడిగింది ఒక్కటే: “తమ్ముడూ, ఇవాళ్టి కూర ఏంటో, నా నంబరు ఏంటో కనపడితే చాలు.” ఆవిడకి తిరిగే ఫోటోలు పెట్టాం, టేబుల్ బుకింగ్ పెట్టాం (మెస్‌లో టేబుళ్లు లేవు, అంతా పార్శిలే), వాట్సాప్ కాల్ బటన్ పెట్టాం. ఆ బటన్ చక్కగా మెరుస్తుంది. యూఏఈలో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి, కాల్స్ కలవవు. ఇప్పుడు అక్క రోజూ పొద్దున్నే కూర పేరు వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంది. జనం అదే చూసి ఆర్డర్ ఇస్తున్నారు. సైటు హోస్టింగ్ ఇంకా నడుస్తోంది.

తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో, అంటే 2006 తర్వాత కొన్నేళ్ల పాటు, లేఖినిలో టైపు చేసి కూడలిలో ఒకరినొకరు చదువుకున్న వాళ్లలో చాలామందివి బ్లాగర్‌లోనో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లోనో ఉచితంగా తెరిచిన బ్లాగులు. అక్కడ ప్లగిన్లు ఎక్కించుకునే వీలే లేదు. అందుకని, పాపం, రాసేవారు. అంతకుముందు 1998లో ఈమాట పత్రిక మొదలైనప్పుడు వర్డ్‌ప్రెస్సే పుట్టలేదు. అది వచ్చింది 2003 మే 27న.

ప్లగిన్ పెట్టగానే ఒక పని పూర్తయిన తృప్తి వస్తుంది. రాయడం మొదలుపెడితే మొదటి పేరాకే తెలిసిపోతుంది, అనుకున్నది వేరు, వస్తున్నది వేరు అని. ప్లగిన్ మనల్ని అంత మాట అనదు. ఊళ్లో చెరువు కింద పొలం అమ్మేసిన రోజు గురించి రాద్దామని నేను సైటు తీసుకున్నాను. ఆ పోస్టు డ్రాఫ్టుల్లో ఉంది. శీర్షికకి మండలి ఫాంట్ బాగా కుదిరింది.

ప్లగిన్ వెనక ఎవరున్నారో ఆరా తీయొద్దని కూడా ఒక సూచన రాద్దామనుకున్నాను గానీ, ఇక్కడ వెటకారం నడవదు. డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ రెండు లక్షల సైట్లలో ఉండేది. తయారుచేసిన వాళ్లు 2017లో దాన్ని 15,000 డాలర్లకి అమ్మేశారు. కొన్నవాళ్లు అప్‌డేట్ పేరుతో చెత్త ప్రకటనల పేజీలు పుట్టించే కోడ్ ఇరికించారు. లాగిన్ అయి ఉన్న యజమానికి ఆ పేజీలు కనపడవు, బయటివాళ్లకే కనపడతాయి. డైరెక్టరీ నుంచి తీసేస్తే మళ్లీ వచ్చింది. చివరికి ఆ సెప్టెంబరులో శాశ్వతంగా తీసేశారు. అప్‌డేట్లు బుద్ధిగా చేసుకున్నవాళ్లకి ఆ కోడ్ కూడా చేరింది.

కాబట్టి సూటిగానే చెప్తాను: చిన్న సైటుకి బ్యాకప్ కోసం ఒక ప్లగిన్ కావాలి, అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ సరిపోతుంది. వ్యాఖ్యలు తెరిచి ఉంచితే స్పామ్‌కి అకిస్మెట్. వేగం సంగతి మీ హోస్టింగ్ వాళ్లే చూస్తున్నారేమో ముందు అడగండి. మిగతా జాబితా తెరిచి, ఇది ఎందుకుందో చెప్పలేనివన్నీ తీసేయండి, బ్యాకప్ తీసుకున్నాకే. డీయాక్టివేట్ చేసి ఊరుకోవద్దు, డిలీట్ కూడా కొట్టండి. ఆపేసిన ప్లగిన్ ఫైళ్లు సర్వర్లోనే ఉంటాయి, వాటిలో కన్నం ఉంటే అదీ అక్కడే ఉంటుంది.