ఫుట్‌పాత్ అంకుల్

ప్రతి కాలనీలో ఒకాయన ఉంటాడు. హైదరాబాద్ శివార్లలోని మా పీర్జాదిగూడలో ఆయన పేరు ఫుట్‌పాత్ అంకుల్. రిటైరై, బీపీ వచ్చి, రోజూ నడవమని డాక్టరు చెప్పిన మర్నాడు ఈ జాతి పుడుతుంది. గేటు తీసి చూస్తే నడిచే చోటుండదు. వరంగల్ హైవే మీద ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్లకేళ్లు పిల్లర్ల దగ్గరే ఆగాయి. కింద దుమ్ము, గుంతలు, రాంగ్ రూట్లో ఆటోలు. దాంతో అంకుల్ వాకింగ్ మానేసి అర్జీలు మొదలుపెట్టాడు. బీపీ సంగతేమో గాని, చేతిరాత కుదిరింది.

చంకలో ప్లాస్టిక్ ఫైలు, జేబులో స్టీలు టేపు. ఫైల్లో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తులు, సోమవారం ప్రజావాణి రసీదులు. మనవరాలి పుట్టినరోజు మరిచిపోతాడేమో గాని ఫుట్‌పాత్ పద్దుకు గడువైన మార్చి 31 మరవడు. ఫిబ్రవరి నుంచే నిద్ర పట్టదు.

"పైసలు ల్యాప్స్ అయితయ్ సార్. లేకుంటే రోడ్డుకు మలుపుతరు."

వినేవాళ్లు కూతురి పెళ్లికి దాచిన డబ్బనుకుంటారు.

నవ్వుతాం గాని, ఆ భయం ఉత్తదేం కాదు. నడిచేవాడి పద్దును ఎవరూ దొంగిలించరు, 'సుందరీకరణ' అని పేరు మారుస్తారు, అంతే. నడిచేవాళ్లకు ఏమీ రాలేదనీ కాదు. 2023 జూన్‌లో ఉప్పల్ రింగు రోడ్డు మీద స్కైవాక్ వచ్చింది. అక్టోబరులో నార్సింగి వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన, నెత్తిన సోలార్ పలకల నీడతో, 23 కిలోమీటర్ల సైకిల్ దారి వచ్చింది. అంకుల్ రెండూ చూసొచ్చాడు.

"మంచిగున్నయ్. గని స్కైవాక్ దిగినంక ఎక్కడ నడవాలె? మా పాలపిలగాడు సైకిల్ తొక్కనీకె నార్సింగి పోవాల్నా?"

ఒక వానాకాలం మా కాలనీకి నిజంగానే ఫుట్‌పాత్ పని వచ్చింది. లారీలోంచి టైల్స్ దిగాయి. అంకుల్ టేపు తీశాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలి. ఇక్కడ చూస్తే అందులో సగం, నడుమ ట్రాన్స్‌ఫార్మర్.

"ఆపుర్రి!"

మేస్త్రి బీడీ ముట్టించాడు. అంకుల్ సుప్రీంకోర్టును దించాడు. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోనిదేనని 2025 మేలో చెప్పింది కదా!

"ఇది బతికే హక్కయ్యా!"

"గట్లనే గని సార్, సిమెంటు గడ్డకడతది."

ట్రాన్స్‌ఫార్మర్ జరపాలంటే కరెంటోళ్లు రావాలి, వాళ్లు రావాలంటే ఎస్టిమేటు, ఎస్టిమేటుకు సంతకం. పని ఆగింది. టైల్స్ నాలుగిళ్ల ముందు మెట్లయ్యాయి, ఒక ఇంట్లో తులసికోట చుట్టూ గచ్చయ్యాయి. తర్వాత అంకుల్ టీ కొట్టు దగ్గర కనిపించి, "ఒక్క రూపాయి రోడ్డుకు పోనియ్యలే" అన్నాడు గర్వంగా. ఫుట్‌పాత్‌కూ పోలేదు కదా అనబోయి టీ తాగేశాను.

పంచాయతీగా ఉన్న పీర్జాదిగూడ 2016లో మున్సిపాలిటీ అయింది, 2019లో కార్పొరేషన్, 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. ఊరంతా ఇంటి పన్ను గురించి బెంగపెట్టుకుంటే అంకుల్ కొత్త ఫైలు కొన్నాడు.

"పెద్దాఫీసు సార్, పద్దు గూడ పెద్దగుంటది. అర్జీలన్నీ అడ్రసు మార్చి మల్ల జిరాక్స్ తియ్యాలె."

జిరాక్స్ షాపు హైవే మీదే, పిలిస్తే పలికేంత దూరం. నడిచి వెళ్దామా అన్నాను.

"గా రోడ్డు మీదనా? పానం మీదికొస్తది" అంటూ స్కూటీ స్టార్ట్ చేశాడు.