రేంజి మామ

తమిళనాడులో మా ధర్మపురి బస్టాండు పక్కన టీ అంగడి ముందర ఆకుపచ్చ నంబరు ప్లేటు కరెంటు బండి ఏదైనా ఆగిందంటే, నడిపేవాడు హెల్మెట్టు తీసేలోపే ఒక ప్రశ్న వినబడుతుంది. "ఎంత ఇస్తాది?"

ఒకసారి నింపితే ఎన్ని కిలోమీటర్లు పోతుందని, అంటే రేంజి. అడిగేది రేంజి మామ. ఆయన అసలు పేరు రేషన్ కార్డులో ఉంది, జనం నోట్లో లేదు. కరెంటు బండ్ల గురించి ఆయనకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. ఆయనకు కరెంటు బండి లేదు. ఈ రెండు మాటల నడుమ 'అయినా' అని రాయబోయి కొట్టేశాను. 'ఎందుకంటే' అని పెడితే సరిపోతుందేమో మీరే చూడండి.

చింతపండు మండీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసి దిగిన మనిషి. తూకంలో తరుగు తీసే అలవాటు ఇంకా పోలేదు. "కంపెనీవాడు చెప్పిన రేంజిలో నూటికి ముప్పై కొట్టెయ్ అల్లుడా. పెళ్లిళ్ల పేరయ్య చెప్పే జీతంలో కొట్టేస్తామే, అట్ల" అంటాడు. చొక్కా జేబులో నగల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ ఉంటుంది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, ఎవరి బండి ఎంత ఇచ్చిందో అందులో ఎక్కిస్తాడు. మా ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. కాబట్టి ఆ తెలుగంతా తమిళ అక్షరాల్లోనే. ఆ లిపిలో బకారానికి వేరే అక్షరం లేదు గనక 'బండి' అని రాసినా 'పండి' అనే పడుతుంది. డైరీలో మాత్రం మామకు బండ్లన్నీ పండాయి.

ఆయన కడుపులో ఒక పాత మంట ఉంది. టీవీఎస్ 50 మోపెడ్ హోసూరు కార్ఖానాలో పుట్టింది 1980లో. అప్పుడు హోసూరు మా ధర్మపురి జిల్లాలోదే. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా అయింది, హోసూరు దానితో పోయింది. ఆ తర్వాత టీవీఎస్ వాళ్ల కరెంటు స్కూటరు ఐక్యూబ్ హోసూరులో తయారైంది, కరెంటు స్కూటర్లు చేసే ఏథర్ హోసూరుకే వచ్చింది, ఓలావాళ్లు పోచంపల్లి దగ్గర ఐదు వందల ఎకరాల్లో దిగారు. (చీరల పోచంపల్లి కాదు, కృష్ణగిరి జిల్లాది.) "పంపకాల్లో తమ్ముడికి కార్ఖానాలు పోయినాయి, మనకు నీళ్లు ఇచ్చినారు" అని మామ హొగేనక్కల్ జలపాతం ఉన్న దిక్కుకు చెయ్యి చూపిస్తాడు. ఆ నీళ్లలో కూడా కర్ణాటక వాటా ఉందని ఎవరైనా గుర్తుచేస్తే ఆ పూట ఇంక మాట్లాడడు.

2022 వేసవిలో అక్కడా ఇక్కడా కరెంటు స్కూటర్లు తగలబడ్డాయని వార్తలు వచ్చినప్పుడు, మామ వారం రోజులు టీకి డబ్బులివ్వలేదు. వినడానికి వచ్చినవాళ్లే ఇచ్చారు. ఆ ఏడాది చివర బ్యాటరీలకు కొత్త భద్రతా పరీక్షలు పెట్టారన్న వార్తను కూడా అంతే శ్రద్ధగా చెప్పాడు. వినేవాడు దొరకలేదు. ఆ టీ తన డబ్బులతోనే తాగాడు.

ఇంత తెలిసినవాడు ఎందుకు కొనలేదని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. 2023 మే నెలలో దాదాపు కొన్నాడట. అత్తయ్య నగల పొదుపు డబ్బు కూడా చేతికి వచ్చింది. "ఇంకో రెండు నెలలు ఆగితే ఆడి తగ్గింపు వస్తాది కదా" అని ఆగాడు. మా వైపు ఆడి మాసంలో చీర నుంచి గ్రైండరు దాకా అన్నీ తగ్గించి అమ్ముతారు. కేంద్రం మాత్రం ఆడి దాకా ఆగలేదు. జూన్ ఒకటిన స్కూటర్ల మీద సబ్సిడీని కోసేసింది. బండి ధరలో నలభై శాతం దాకా వచ్చేది పదిహేనుకు దిగింది. అప్పటినుంచి మామ ఆగడమే ఒక వ్రతంగా పెట్టుకున్నాడు. ఘనస్థితి బ్యాటరీ వస్తుందని కొన్నాళ్లు, సోడియం బ్యాటరీ వస్తుందని కొన్నాళ్లు. సెల్‌ఫోను కొనేటప్పుడు ఇంత ఆగాడా అంటే, ఆ ఫోను అల్లుడు వాడి ఇచ్చింది.

కరెంటు లెక్కలో మామను మించినవాడు లేడు. తమిళనాడులో ఇంటి మీటరుకు రెండు నెలలకొకసారి బిల్లు, అందులో మొదటి వంద యూనిట్లు ఉచితం. ఆ వంద ఉచితం 2016లో పెట్టారు. "స్కూటరు నిండడానికి మూడున్నర యూనిట్లు. వందలో ఇరవై ఎనిమిది సార్లు నిండుతాది. సారికి వంద కిలోమీటర్లు పెట్టుకో. రెండు నెలలకు రెండు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు గవర్నమెంటు ఖర్చు."

"మరి ఫ్రిజ్జు, ఫ్యాను, మోటారు దేంతో తిరుగుతాయి మామా?"

"అవి తర్వాత రాస్కో. ముందు బండికి రాయి."

మండీలో ఈ తెలివి వల్లే ఆయన ముప్పై ఏళ్లు నిలిచాడనుకుంటా.

మొన్న ఒక రోడ్డు కాంట్రాక్టరు కారు కొనబోతూ హైబ్రిడ్ గురించి అడిగాడు. మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "దాంట్లో రెండు రకాలు నాయనా. మన రోడ్డు మీద తిరిగే హైక్రాస్ లాంటిదానికి ప్లగ్గు ఉండదు. బ్రేకు పట్టినప్పుడు, ఇంజను తిరిగినప్పుడు అదే నింపుకుంటాది. ప్లగ్గుండేది వేరే. రాత్రి గోడకు తగిలిస్తే మర్నాడు ఊళ్లో తిరిగేదానికి కరెంటు, ఊరు దాటితే పెట్రోలు. మన సుబ్రమణ్యస్వామి మాదిరి. వల్లి అలిగితే దేవసేన."

"అయితే అదే తీసుకుంటా సామీ."

"చైనావాళ్లు 2008 నుంచి చేస్తా ఉన్నారు, కుప్పలుగా అమ్ముతున్నారు. మన దేశంలో ఉండేవి వేళ్ల మీద లెక్క, అన్నీ కోటీశ్వరుల కార్లు. ఇద్దర్ని పోషించేది దేవుడికే చెల్లింది."

ఇందులో ఒక్క ముక్క తప్పు లేదని ఒప్పుకోవాలి. మామతో వచ్చిన చిక్కే అది. చెప్పేది చాలాసార్లు నిజం.

నేను నా కరెంటు స్కూటరు కొన్నది ఈ మామ సలహా మీదే. కొన్న మూడో ఆదివారం "రేంజి చూద్దాం పద" అని వెనక ఎక్కాడు. హొగేనక్కల్ దాకా నలభై ఆరు కిలోమీటర్లు. పెన్నాగరం దాటాక ఘాట్లో దిగుడు. దిగుతుంటే బ్రేకు పట్టినప్పుడల్లా బ్యాటరీలోకి కరెంటు వెనక్కి వస్తుంది. తెర మీద శాతం తగ్గకుండా నిలబడితే మామ నా భుజం చరిచి "చూసినావా, కొండ మనకు బాకీ కడతా ఉంది" అన్నాడు. కింద చేరేసరికి ఇంకా యాభై ఆరు శాతం ఉంది. చేపల వేపుడు నేను రెండు ప్లేట్లు తిన్నాను. ఆయన మూడు.

వచ్చేటప్పుడు కొండ తన బాకీ వసూలు చేసుకుంది. దిగుడులో తిరిగొచ్చేది చారెడు, ఎక్కుడులో తాగేది చెంబెడు. పెన్నాగరం చేరేసరికి ఇరవై తొమ్మిది. ధర్మపురి ఇంకా ముప్పై కిలోమీటర్లు. మామ డైరీ తీయలేదు. ఒక టీ అంగట్లో మిక్సీ ప్లగ్గు పీకి మా వైరు పెట్టించాడు. గంటన్నర కూర్చున్నాం. కరెంటు ఐదారు రూపాయలది ఎక్కింది. మొహమాటానికి తాగిన టీలు, తిన్న వడలు నూట నలభై. ఆ గంటన్నరలో పదకొండు మంది "ఎంత ఇస్తాది?" అని అడిగారు. పదకొండు మందికీ నన్ను పక్కకు తోసి మామే జవాబు చెప్పాడు. ఒక్కరికీ కొండ సంగతి చెప్పలేదు.

మా ఇంట్లో అభిప్రాయం వేరే. "ముందైతే మలుపులో మీ బండి చప్పుడు వినగానే పెనం పెట్టేదాన్ని. ఇప్పుడు దెయ్యం మాదిరి గుమ్మంలో నిలబడతారు, దోసె ఆలస్యమైందని మొహం పెడతారు" అని మా ఆవిడ. వీధి కుక్కలకు కూడా ఈ బండి నచ్చలేదు. రోడ్డు మధ్య పడుకున్నవి వినబడక లేవవు. నేనే దిగి లేపాలి.

మామ ఇప్పటికీ పాత టీవీఎస్ 50 మీదే తిరుగుతున్నాడు. పక్క వీధి మలుపులోనే వినబడుతుంది. మీరు ధర్మపురి వైపు వస్తే, కరెంటు బండి కొనే ఆలోచనుంటే, పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గర ఆయన్ను అడిగి కొనండి. కొన్నాక మాత్రం నెల రోజులు ఆ దారిలో టీ తాగకండి.