దయ్యం గుడ్డుకు ఆవగింజ కళ్ళు

మా రోజుల్లో కొల్లాపూర్‌లో పిల్లలను గుడ్డు తినమని ఎవరూ బతిమాలలేదు. బతిమాలడానికి గుడ్డంటూ ఉండాలి కదా! ఇప్పుడు ఫ్రిజ్ తలుపు తీస్తే ట్రే నిండా గుడ్లే. తినే నోళ్ళే కరువు. ఉడకబెట్టి ఇస్తే వాసనంటారు, ఆమ్లెట్ వేస్తే నూనెంటారు, పులుసు పెడితే ముక్కు మూసుకుంటారు. అందుకని కొత్త ఉపాయం ఒకటి వచ్చింది. గుడ్డుకు కళ్ళు పెట్టాలి, కాళ్ళు పెట్టాలి, దాన్ని సాలెపురుగునో దయ్యాన్నో చేసి పళ్ళెంలో కూర్చోబెట్టాలి. అప్పుడు గానీ దొరగారూ దొరసానిగారూ నోరు తెరవరు. దయ్యానికి భయపడి బువ్వ తిన్న తరం మాది. దయ్యాన్నే నంజుకుని తినే తరం వీళ్ళది.

ఈ తతంగం పేరు హాలోవీన్. అక్టోబర్ 31న వస్తుంది. మొన్నమొన్నటిదాకా డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ పిల్లలు నల్లబట్టలు వేసుకుని ఫోన్‌లో కనబడితే, 'బాగుంది బిడ్డా' అని ఊరుకునేవాళ్ళం. ఇప్పుడది మా మనుమరాలి బడి వాట్సాప్‌లోకి దిగింది. పిల్లలతో ఆరోగ్యకరమైన హాలోవీన్ చిరుతిండి చేయించి పంపాలట. చేయించడమంటే ఏమిటో మీకు తెలియంది కాదు. పిల్లలు పడుకున్నాక మా కోడలు రాత్రి పదింటిదాకా గుడ్ల మీద కూర్చుంది. పొదిగే పెట్టకు కూడా అంత ఓపిక ఉండదు.

మా ఇళ్ళలో ఊరకోడి ఏడాది మొత్తానికి పెట్టేది యాభయ్యో అరవయ్యో గుడ్లు. పదీ పన్నెండు కాగానే పొదుగుకు వచ్చేది. ఇక 21 రోజులు గంప కింద దాని తపస్సు. అందులోంచి ఒక గుడ్డు తీసి తిన్నామంటే రేపటి కోడిని ఇవాళే కోసుకున్నట్టు లెక్క. మా అమ్మ గుడ్లను వడ్లలో దాచేది. అంగడి నాడు నాలుగు అమ్మి ఉప్పూ కిరసనాయిలూ తెచ్చేది. చుట్టం వస్తే చుట్టానికి గుడ్డు, మాకు పులుసు. జ్వరం పడి లేచినవాడికి ఒకటి దక్కేది. అందుకే మా ఇంట్లో జ్వరానికి కూడా కొంత గౌరవం ఉండేది. ఎప్పుడైనా అందరికీ పెట్టాలని బుద్ధి పుడితే, ఉడికిన గుడ్డును దారంతో నాలుగు ముక్కలు కోసి పంచేది. పచ్చసొన ఎవడి ముక్కలో ఎక్కువ పడిందని అన్నదమ్ములం కొట్టుకునేవాళ్ళం. ఆ గుడ్డుకు ముఖం గీయాలని మాకెవరికీ తట్టలేదు, అంతసేపు అది పళ్ళెంలో ఉంటే కదా!

తర్వాత కాలం మారింది. ఫారం కోడి ఏడాదికి మూడు వందలకు పైగా పెట్టడం మొదలుపెట్టింది. 1982లో డాక్టర్ బి.వి. రావు పూనికతో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడింది. రోజూ గుడ్డు తినమని టీవీ పాట పాడింది. షాద్‌నగర్ వైపు బస్సులో పోతుంటే కోళ్ళ షెడ్లు బారులు తీరి కనబడసాగాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని చెబుతుంది. 2023-24 లెక్కల్లో దేశం మొత్తం మీద తలకు వచ్చింది 103. అంటే మా ఫ్రిజ్‌లో ట్రే నిండా ఉన్నాయంటే, ఇంకెవరి పళ్ళెంలోనో లేవనే అర్థం. మన తెలంగాణలో అంగన్‌వాడీకి వెళ్ళే మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకు రోజుకో గుడ్డు ఇస్తారు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనంతో వారానికి మూడు. అక్కడ ఆయా గుడ్డుకు కళ్ళూ పెట్టదు, ముక్కూ పెట్టదు. పిల్లలు ఒలుచుకుని, ఉప్పు కూడా అడగకుండా తినేసి చేతులు కడుక్కుంటారు. ముఖం ఉంటేనే తింటాననే రోగం కడుపు నిండినవాళ్ళకే వస్తుంది.

ఇక భయం సంగతి. దయ్యపు గుడ్డట! మా చిన్నప్పుడు అసలైన దయ్యపు గుడ్డు మూడు తొవ్వలు కలిసే చోట ఉండేది. ఎవరింట్లోనో పిల్లవాడికి దిష్టి తగిలితే గుడ్డుతో దిగదుడిచి, పసుపూ కుంకుమా నిమ్మకాయతో కలిపి చీకట్లో అక్కడ పెట్టి వచ్చేవాళ్ళు. తెల్లారి మేం బడికి పోతుంటే అది తొవ్వ మధ్యలో కూర్చుని మమ్మల్నే చూసేది. "దాటకుండ్రి, తొక్కకుండ్రి, అటు చూడకుండ పోండ్రి" అని మా నాయనమ్మ గడపలోంచే కేకేసేది. గుడ్డు కోసం కొట్టుకునే మేమే ఆ గుడ్డును చూసి ఆమడ దూరం చుట్టు తిరిగి పోయేవాళ్ళం. ఆకలిని కూడా జడిపించిన గుడ్డు అది. దానికి క్యాప్సికమ్ కాళ్ళు అవసరం రాలేదు.

కథలు కావాలన్నా మాకు కొదవ లేదు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండి కృష్ణ ఒడ్డు ఊళ్ళను మింగింది. సోమశిలలో సోమేశ్వరాలయాన్ని మునక నుంచి తప్పించి ఎత్తు మీద మళ్ళీ కట్టారు. ఏటికి అవతల సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలోనే ఉంటుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గాక తేలి, వానాకాలం వరదకు మళ్ళీ మునుగుతుంది. తాము పుట్టిన ఇల్లు నీళ్ళ కింద ఉందని వేలు పెట్టి చూపించే ముసలివాళ్ళు మా మధ్య ఇంకా ఉన్నారు. అలాంటి చోట పుట్టిన పిల్లలకు ప్లాస్టిక్ పుర్రె కొనిచ్చి భయపడమంటే ఏం భయపడతారు?

పిల్లలు ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టి మిఠాయిలు అడుగుతారట. ఇవ్వకపోతే అల్లరి చేస్తారట. ఇది అమెరికావాళ్ళు మాకు నేర్పాలా? కాముని పున్నమ ముందు జాజిరి ఆట అని ఒకటి ఉండేది. కోలలు పట్టుకుని, పాట పాడుతూ, వెన్నెల్లో గడప గడపకూ తిరిగేవాళ్ళం. జొన్నలిచ్చినా సరే, పైసలిచ్చినా సరే. ఇచ్చినవాళ్ళను పొగిడే పాట వేరు, ఇవ్వనివాళ్ళను తిట్టే పాట వేరు. ఇవ్వని ఇంటి వెనక కట్టెలు ఆ రాత్రి కాముని మంటలోకి నడిచిపోయేవి. వేషాలంటారా, పీర్ల పండక్కి పులివేషం, ఊళ్ళోకి వచ్చే పగటివేషగాళ్ళు, సంక్రాంతికి మొదలయ్యే సింగోటం జాతరలో కొనుక్కునే కాగితం ముఖాలు. ఒక్క పైసా కాగితం ముఖంతో ఇంటిల్లిపాదినీ హడలగొట్టిన రోజులవి. ఇప్పుడు వేషం ఆన్‌లైన్‌లో వస్తుంది, ఒక సాయంత్రం వేసుకుంటారు, తెల్లారి చెత్తబండికి వేస్తారు.

ఆ పండుగ మీద నాకు పగ లేదు, పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. ఐర్లండ్ వైపు పాతకాలం జనం పంటలైపోయి చలి మొదలయ్యే రాత్రి చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మేవారు. తర్వాత క్రైస్తవుల సకల పునీతుల పండుగ నవంబర్ 1న స్థిరపడి, దాని ముందు రాత్రి హాలోవీన్ అయింది. అక్కడ ముల్లంగి జాతి దుంపను తొలిచి దీపం పెట్టేవారు, అమెరికా చేరాక గుమ్మడికాయ దొరికింది. మరి మన పెత్రమాస ఏమిటి? పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చుకునే అమావాస్య. సాయంత్రం అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది, గుమ్మడి పువ్వు గౌరమ్మ అవుతుంది. పెద్దలూ ఉన్నారు, గుమ్మడీ ఉంది, అన్నీ నెల ముందే వచ్చి పోతాయి. మనుమరాలి బడికి పెత్రమాస సెలవు కూడా గుర్తుండదు, పరాయివాళ్ళ పెద్దలకు మాత్రం చిరుతిండి పోటీ.

ఇంత సణిగినా, కోడలు ఒక్కతే అవస్థ పడుతుంటే చూడలేక వంటింట్లోకి పోయాను. "మామయ్యా, మీరు పడుకోండి, నేను చూసుకుంటా" అంది. పడుకోలేదు. బల్ల మీద మయోనైజ్ సీసా చూసి ముందు దాన్ని పక్కన పెట్టించాను. 2024 అక్టోబర్ 30న పచ్చిగుడ్ల మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. సరిగ్గా హాలోవీన్ ముందు రోజు! అసలు దయ్యం ఎవరో సర్కారుకు తెలిసినట్టుంది. కట్టు పెరుగు ఉండగా ఆ సీసా ఎందుకు? తెల్లారాక పిల్లలు లేస్తే వాళ్ళతోనే చేయిద్దామని తీర్మానించి కోడలిని పడుకోబెట్టాను.

పొద్దున్నే పనులు పంచాను. గుడ్లు నీళ్ళలో వేసి చూడమన్నాను. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారేయాలి. మరీ తాజా గుడ్డు పెంకు సరిగా ఊడదు, తెల్లసొన పొరకు అంటుకుంటుంది. వారం నాటిదైతే నున్నగా వస్తుంది. నీళ్ళు మరిగాక తొమ్మిది పది నిమిషాలు ఉడికించి చన్నీళ్ళలో వేశాం. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి పచ్చటి బూడిదరంగు వలయం వస్తుంది. మా ఇంటామె గుడ్లు యాభై ఏళ్ళుగా ఈ రంగులోనే ఉన్నాయి. "పోయినోళ్ళ పండుగకు నేనెప్పుడో చేసిన" అంది ఆమె తగ్గకుండా. హాని లేదు, చూపులకే అలా ఉంటుంది.

మా మనుమడు గుడ్లను నేల మీద దొర్లించి పెంకు నిండా బీటలు చేశాడు. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలో నిమ్మరసం పిండి, గుడ్లను పెంకుతోనే అందులో వేసి ఫ్రిజ్‌లో ఉంచాం. మధ్యాహ్నం ఒలిస్తే తెల్లటి ఒంటి మీద ఎర్రటి సాలెగూడు! చిక్కటి టీ డికాషన్‌లో వేసినవి గోధుమరంగు గూళ్ళయ్యాయి. ఇంకొన్ని గుడ్లను కోసి, పచ్చసొన తీసి, పెరుగూ మిరియాల పొడీ ఉప్పూ వేసి మనుమరాలు మెదిపింది. పసుపూ చిటికెడు కారమూ కలిపి ఉండ చేసి, చెంచా అంచుతో గీతలు గీసి, కొత్తిమీర కాడ గుచ్చితే బుజ్జి గుమ్మడికాయ. ఆమ్లెట్‌ను సన్నటి పట్టీలుగా కోసి ఉడికిన గుడ్డుకు చుట్టబెడితే ఈజిప్టు శవం. కళ్ళకు లవంగాలు, మిరియాలు వద్దన్నాను, చిన్నపిల్లల గొంతులో పడతాయి. పోపుల డబ్బాలో ఆవాలున్నాయి కదా!

చివరికి మా మనుమడు నా పరువు తీశాడు. నేను చెప్పిన మూడు తొవ్వల కథ విని, బీట్‌రూట్ గుడ్డుకు పసుపు పూసి, పైన ఎర్రకారం బొట్టు పెట్టి, పక్కన నిమ్మచెక్క ఉంచి, "తాతా, ఇది దిష్టిగుడ్డు" అన్నాడు. మా ఇంటామె "ఛీ, పాడుముండాకొడకా, శుభమా అని!" అని లేచింది. వాడు ఆ గుడ్డు తిన్నాడు. వాడి చెల్లెలు ఇంకొకటి అడిగి తింది. గుడ్డు వాసనని ఎవరూ అనలేదు. పొద్దుటినుంచీ చేతులు పెట్టి చేసినందుకు అనలేదని నా లెక్క, ముఖం ఉన్నందుకు కాదు.

కాబట్టి తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదీ. గుడ్డుకు కళ్ళు పెట్టుకోండి, కాళ్ళు పెట్టుకోండి, కానీ ఆ పని రాత్రిపూట మీరు చేసి పొద్దున పిల్లల పేరు రాయకండి. ఉడకబెట్టే మంట దగ్గర మీరుండండి, ఒలవడం, మెదపడం, కళ్ళు గుచ్చడం వాళ్ళకు వదలండి. చేసినవి రెండు గంటలు దాటి బయట ఉంచకండి. అక్టోబర్ 31 దాకా ఆగాల్సిన పని కూడా లేదు. వచ్చే కాముని పున్నమకు పిల్లలు జాజిరికి వస్తే చాక్లెట్ కాకుండా ఒక్కో ఆవగింజ కళ్ళ గుడ్డు చేతిలో పెట్టండి. పెట్టకపోతే కట్టెలు జాగ్రత్త.