నోట్సు బావ ముక్కు

విశాఖలో గాజువాక దాటి కూర్మన్నపాలెం వైపు వెళ్తే, ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై మేడ కట్టుకున్నవాళ్లు వీధికి పదిమంది తగులుతారు. పొద్దున్న నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం పెన్షన్ గొడవ. అందరిదీ ఒకటే వరస. వాళ్లలో ఒకడు మాత్రం ఏ గ్లాసైనా నోటిదాకా తెచ్చి ముక్కు దగ్గర ఆపేస్తాడు. కళ్లు మూసుకుంటాడు. గ్లాసు నెమ్మదిగా తిప్పుతాడు. మళ్లీ వాసన చూస్తాడు. ఈలోగా ఎదుటివాడి గ్లాసు ఖాళీ అయిపోతుంది. ఆయనే నోట్సు బావ.

పరీక్షల నోట్సు కాదు, కరెన్సీ నోట్సు అసలే కాదు. రుచిలో వినిపించే నోట్సు. సంగీతంలో స్వరాలున్నట్టే పానీయంలోనూ ఉంటాయని బావ నమ్మకం. మజ్జిగలో ఆయనకు ‘నిమ్మ తొక్క’ తగులుతుంది. దగ్గు మందులో ‘పండిన నేరేడు’. వేసవిలో సువర్ణరేఖ మామిడి బుట్ట ఇంటికొస్తే ఆ పూట భోజనం గంట ఆలస్యం. ఒక్కో పండు తొడిమ దగ్గర ముక్కు పెట్టి, తోటలో ఎండ ఎటు పడిందో చెబుతాడు. కాదనడానికి ఆ తోట ఎవరూ చూడలేదు.

ఈ జబ్బు బెంగళూరులో అంటింది. ఇందిరానగర్‌లో టాయిట్ అనే బార్ 2010లో తలుపులు తెరిచాక ఆ ఊళ్లో ఎక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్లు వరసగా వెలిశాయి. కొడుకు ఇంట్లో నలభై రోజులుండటానికి వెళ్లిన బావను ఓ శనివారం అలాంటి చోటికే తీసుకెళ్లారు. చెక్క పలక మీద ఆరు బుల్లి గ్లాసులు పెట్టి, ఓ కుర్రాడు పక్కన నిలబడి ఒక్కో గ్లాసు గురించి పాఠం చెప్పాడు. తాగబోయే ముందు పాఠం చెప్పే చోటు బావ జీవితంలో అదే మొదటిది.

ఆయన్ని తప్పుపట్టే ముందు ఆయన తరం సంగతి గుర్తు చేసుకోవాలి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో ఎత్తివేత. 2019 అక్టోబరు 1 నుంచి సర్కారు దుకాణాలు. 2024 అక్టోబరు 16 నుంచి మళ్లీ ప్రైవేటు, రాష్ట్రమంతా కలిపి 3,396 షాపులు. ఇన్ని మలుపుల్లోనూ విశాఖ మందుబాబు కౌంటర్ దగ్గర అడిగిన ప్రశ్నలు రెండే: ఏముంది? చల్లగా ఉందా? మూడో ప్రశ్నకు ఎప్పుడూ చోటు లేదు. పైగా తాగినవాడు తాగినట్టు ఒప్పుకోకూడదు. బావకు నోట్సు ఎంత ఊరట ఇచ్చాయో అక్కడే అర్థమవుతుంది. ‘తాగొచ్చాడు’ అంటే ఇంట్లో గొడవ. ‘రుచి చూసొచ్చాడు’ అంటే అదో విద్య.

ఆ విద్యకు ఓ పుస్తకం కూడా ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ రోజుల నాటి డైరీ. కోక్ ఓవెన్ల విభాగంలో షిఫ్టు లాగ్ రాసిన చేయి కదా, రుచులూ అదే పద్ధతిలో రాస్తుంది. “18.40: నురుగు స్థిరం. 18.44: రంగు పరిశీలన. 18.52: మొదటి గుక్క, అసాధారణ పరిస్థితి లేదు.” చివర అయిదుకు ఇన్ని అని మార్కులు, అదీ పావు చొప్పున. 3.25, 3.5, 3.75. ఉక్కునగరంలో ఉన్నన్నాళ్లూ క్వార్టర్‌లో కాపురం చేసి, క్వార్టర్‌తో సరిపెట్టుకుని, ఇప్పుడు మార్కులూ క్వార్టర్లలోనే వేస్తున్నాడని ఆయన పోర్టు మిత్రుడి ఎత్తిపొడుపు.

ఈ పోర్టు మిత్రుడు ఓ ముప్పై అయిదేళ్లు రేవులో సరుకు లెక్కలు రాసి దిగినవాడు. 1933లో తెరిచిన రేవు అది. తానూ దానితోపాటే తెరుచుకున్నట్టు మాట్లాడతాడు.

మొన్న డిసెంబరులో బావ మేనల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ నాలుగు డబ్బాల బీరు తెచ్చాడు. ఒక్కో డబ్బా 473 మిల్లీలీటర్లు, నాలుగూ కలిపి 1,892. విదేశం నుంచి వచ్చేవాడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది 2 లీటర్లే, అందులో బీరూ లెక్కే. అయిదో డబ్బా పెడితే కస్టమ్స్‌వాళ్లకు జవాబు చెప్పాలి. ఈ లెక్క విన్నప్పుడే పోర్టు మిత్రుడికి కుర్రాడి మీద గౌరవం పుట్టింది.

డబ్బా మీద ఉన్నది కాఫీ కలిపిన నల్ల లాగర్ అని. ఆదివారం సాయంత్రం మేడ మీద మూడు కుర్చీలు, ఓ స్టూలు, పొట్లంలో బీచ్ రోడ్డు మురీ మిక్చర్. గాలి సముద్రం వైపు నుంచి. గాలి ఎటునుంచి వీస్తోందో కూడా డైరీలో పడింది.

“లాగర్ అంటే ఏటి?” అని పోర్టు మిత్రుడు మొదలెట్టాడు.

మేనల్లుడు చెప్పాడు. జర్మన్ భాషలో ఆ మాటకు నిల్వ, గిడ్డంగి అని అర్థం. ఏల్ అనే రకం బీరు వెచ్చగా, తొందరగా పులుస్తుంది. లాగర్‌కు వాడే ఈస్టు చలి కోరుతుంది. సుమారు 7 నుంచి 13 డిగ్రీల మధ్య నింపాదిగా పనిచేస్తుంది. తర్వాత ఆ బీరును ఇంకా చల్లగా వారాల తరబడి పడుకోబెడతారు. అందుకే తేటగా, మృదువుగా వస్తుంది.

“అంటే గోడౌన్ బీరు! వారాల తరబడి సరుకు అలా పడుంటే డెమరేజ్ ఎవడు కడతాడు గురూ?”

డెమరేజ్ డబ్బా ధరలోనే కలిసిందని మేనల్లుడన్నాడు. ఆ ధర చెబితే బావ గుక్క మింగడం ఆపుతాడేమోనని అంకె మాత్రం చెప్పలేదు.

గ్లాసులోకి వంచితే నిజంగానే నల్లగా దిగింది, పైన బాదం రంగు నురుగు. బావ గ్లాసును సూర్యుడికి అడ్డం పెట్టి అంచున ఎరుపు జీర కనిపెట్టాడు. ఆ నలుపు కాఫీ వల్ల వచ్చింది కాదని మేనల్లుడు సరిదిద్దాడు. మొలకెత్తించిన బార్లీని నల్లగా వేయిస్తే వచ్చే రంగు అది. అలా వేయించిన గింజ మొత్తంలో కొంచెమే ఉంటుంది, అయినా గ్లాసంతా చీకటి. 1817లో డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషువాడు ఈ వేపుడు పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడిన తిరిగే డోలు కాఫీ గింజలు వేయించే యంత్రం లాంటిదే. కాఫీకీ నల్ల బీరుకీ చుట్టరికం అప్పటిదన్నమాట.

‘వేయించడం’ అన్న మాట చెవిన పడగానే బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. వేడి తన శాఖ. బొగ్గును గాలి తగలకుండా 1,000 డిగ్రీల పైన గంటల తరబడి ఉడికిస్తే కోక్ అవుతుందనీ, విశాఖ ఉక్కులోని కోక్ ఓవెన్లు 7 మీటర్ల ఎత్తుంటాయనీ, ఎర్రగా కాలిన కోక్‌ను అక్కడ నీళ్లు కొట్టి కాదు, నైట్రోజన్ వాయువుతో చల్లారుస్తారనీ ఆయన మేడ మీది ప్రపంచానికి వివరించాడు. ఆ తర్వాత మొదటి గుక్క తాగి తీర్పు ఇచ్చాడు: “కోక్ నోట్స్.”

“కోకూ లేదు, గీకూ లేదు,” అన్నాడు పోర్టు మిత్రుడు. “ఇది వానకి తడిసిన బొగ్గు కుప్ప. నాకు తెల్దా?”

పావుగంట వాదన. ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చిన బొగ్గు రేవులో దిగాకే కదా నీ కోక్ అని ఒకరు. రేవులో పడున్నంత కాలం అది ఉత్త మసి, మా దగ్గరకొచ్చాకే దానికి బతుకు అని ఇంకొకరు. ఊళ్లో బొగ్గు దుమ్ము గురించి జనం ఏళ్లుగా మొత్తుకుంటున్న సంగతి ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. ఒక డబ్బా బీరు మీద విశాఖ పారిశ్రామిక చరిత్ర మొత్తం నడిచిపోయింది. కాఫీ ఊసే రాలేదు.

కాఫీ ఊసు ఎత్తింది మేనల్లుడే. డబ్బా వెనక ‘కొలంబియా గింజలు’ అని ఉంది. బావకు చిర్రెత్తుకొచ్చింది. వంద చిల్లర కిలోమీటర్ల దూరంలో అరకు పెట్టుకుని కొలంబియా ఏమిటి? 1898లో పాములేరు లోయలో బ్రోడీ అనే తెల్లదొర నాటించిన మొక్కల దగ్గర మొదలుపెట్టాడు. సిల్వర్ ఓక్ నీడ, ఆ మానుకు పాకించిన మిరియం తీగ, 2017లో పారిస్‌లో తెరిచిన అరకు కాఫీ దుకాణం, 2019లో అరకు అరబికాకు దక్కిన భౌగోళిక గుర్తింపు... ఏకబిగిన అప్పజెప్పాడు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉందనీ, దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనేననీ ముక్తాయించాడు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు దించడానికి వేసిన పట్టాల మీదే రైల్లో అరకు చూడబోయేవాళ్లంతా కొండ ఎక్కుతున్నారని పోర్టు మిత్రుడు తన వాటా కలిపాడు. అన్నీ నిజాలే.

బావ ఇంట్లో పొద్దున్నే కలిపేది మాత్రం ఇన్‌స్టెంట్ కాఫీ. మూడు చెంచాల పంచదార. దాన్ని ఆయన వాసన చూడడు, గడగడా తాగేస్తాడు.

రెండో డబ్బా తెరిచారు. ఈసారి బావ చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి, కొంచెం సిగ్గుపడుతూనే, “క్యాప్సికం” అన్నాడు. పోర్టు మిత్రుడు పొలమారేటంత నవ్వాడు. మిక్చర్‌లో క్యాప్సికం లేదు. ఇంట్లోనూ లేదు. మేనల్లుడు మర్యాదగా ఫోను తీశాడు, బావ మాట తప్పని తేల్చడానికే. కాసేపు చదివి మొహం మార్చాడు. పులిసిన బీరులో కాఫీ గింజల్ని నానబెట్టేటప్పుడు గంటల లెక్క తప్పి ఎక్కువసేపు ఉంచితే పచ్చి క్యాప్సికం వాసన దిగుతుందట, బీరు కాచేవాళ్లకు బాగా తెలిసిన దోషమేనట. బీరులో కాఫీ పరిమళం ఎక్కువ కాలం నిలవదు కూడా. డబ్బా అడుగున తేదీ చూస్తే అది నింపి అయిదు నెలలు దాటింది. పరిమళం తగ్గింది, దోషం మిగిలింది.

నలభై రోజుల బెంగళూరు, ఇన్నేళ్ల మజ్జిగ, దగ్గు మందు అన్నీ ఆ ఒక్క నిమిషంలో సార్థకమయ్యాయి. బావ ఏమీ అనలేదు. డైరీ తీసి, సమయం చూసి, రాసుకున్నాడు. అలాంటి మనిషి ఏమీ అనకుండా ఉండటం ఎంత భరించలేనిదో పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

ఈయన పుట్టవలసిన కాలం, దేశం వేరు. కాఫీ దిగుమతుల వల్ల దేశం డబ్బు పోతోందని ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్‌కు కోపం. 1777లోనే జనం కాఫీ మాని బీరు తాగాలని ప్రకటన చేశాడు. 1781లో కాఫీ వేయించే హక్కును సర్కారు గుప్పిట్లో పెట్టి, దొంగచాటుగా వేయించుకునేవాళ్లను పట్టుకోవడానికి మాజీ సైనికుల్ని వీధుల్లోకి వదిలాడు. వాళ్ల డ్యూటీ ఇళ్ల ముందు తిరుగుతూ వాసన చూడటమే. జనం వాళ్లను కాఫీ వాసన పట్టేవాళ్లనే పిలిచారు. బావ ఆ కొలువులో చేరి ఉంటే డీజీఎం కాకుండా దిగేవాడు కాదు. బవేరియాలో అయితే ఇంకో చిక్కు. 1516 నాటి శాసనం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ పడకూడదు. ఆ లెక్కన ఆదివారం మేడ మీద ముగ్గురూ తాగింది బీరే కాదు.

బావ భార్య పైకి వచ్చింది ఆరిన బట్టల కోసం. వాసన చూడమని బావ గ్లాసు చాచాడు. ఆవిడ దూరం నుంచే ముక్కు ఎగరేసి, “అనకాపల్లి బెల్లం పాకం అడుగంటింది,” అని బట్టలు తీసుకుని దిగిపోయింది. మేనల్లుడు ఫోనులో ఆ బీరు గురించి తయారీదారు రాసుకున్న వివరణ చూశాడు. ‘మాడిన చక్కెర పాకం’ అని ఉంది. ఈ సంగతి బావ డైరీలో లేదు.

మూడో డబ్బా అయ్యాక మార్కుల దగ్గరికొచ్చారు. బావ 3.75 ఇచ్చాడు. క్యాప్సికం లేకపోతే నాలుగు ఇచ్చేవాడట, కానీ క్యాప్సికం దొరకబట్టే అంత ఇష్టం కలిగిందట. పోర్టు మిత్రుడు మార్కులివ్వనన్నాడు. సరుకు బాగుంది, కాఫీ విడిగా, బీరు విడిగా బిల్లు చేస్తే ఇంకా బాగుండేదన్నాడు.

నాలుగో డబ్బా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉంది. దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన చీటీ మీద ‘నమూనా, ముట్టరాదు’ అని బావ దస్తూరీ. రోజు గడిచేకొద్దీ అందులో కాఫీ వాసన తగ్గిపోతుందని ఆయనకు తెలుసు. మేనల్లుడు తిరిగి వెళ్లి నెల దాటింది. ఇంటికి ఎవరొచ్చినా ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తున్నాడు గానీ డబ్బా మాత్రం ఇంకా తెరవలేదు.